ఇల్లూ పెరడూ: వంటింటి తొక్కలూ, తులసికోట మన్నూ

కిందటి నెల హోసూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఉత్తరం పొడుగాటిది. సారాంశం మాత్రం ఇది:

"పెరట్లో ఒక మూల గుంట తీయించి వంటింటి తుక్కంతా అందులో వేస్తూ వచ్చాను. నెల తిరక్కుండానే కంపు మొదలైంది. పురుగులు కూడా పట్టాయి. పక్కింటివారు గోడమీంచి రెండుసార్లు అడిగారు. మావారు 'ఎందుకొచ్చిన గొడవ, పెరడంతా సిమెంటు చేయించేస్తాను, బండి పెట్టుకోవడానికైనా పనికివస్తుంది' అంటున్నారు. మా అత్తగారు పెట్టిన కరివేపచెట్టూ, జాజితీగా ఆ పెరట్లోనే వున్నాయి. పండుగ దాటాక మేస్త్రీని పిలుస్తారట. ఈలోగా నేను చెయ్యగలిగింది ఏమైనా వుందా?"

వుందమ్మా. మేస్త్రీ రావడానికి వ్యవధి వుంది గనుక, ముందు కంపు సంగతి చూద్దాము. తరువాత ఎరువు సంగతి. ఈ శీర్షిక చదివే సోదరీమణుల్లో ఈ పని మొదలుపెట్టి మధ్యలో విడిచినవారు చాలామంది వుంటారని నా అనుమానం. ఎందుకంటే నేనూ అలా విడిచినదాన్నే.

మా ఇల్లు బెంగుళూరులో. మామగారి తాతగారి నాడే చిత్తూరు సీమ నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టిన తరువాత మాకు మిగిలిన పెరడు 10 అడుగుల పొడుగు, 6 అడుగుల వెడల్పు. అందులో ఒక తులసికోట, ఒక పారిజాతం, బట్టలుతికే రాయి. ఎవరో చెబితే విని, పాత ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెచ్చి, అడుగున బెజ్జాలు పొడిపించి, తొక్కలు వెయ్యడం మొదలుపెట్టాను. అరటి తొక్కలు, సొరకాయ బొచ్చు, కాఫీ పిప్పి, మిగిలిన పులుసన్నం, అన్నీ అందులోకే. మూత గట్టిగా బిగించేదాన్ని, ఈగలు రాకూడదని. ఇరవై రోజులకు మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్ల కంపు! గోడ అవతల కన్నడంవారి ఇల్లు. ఆ ఇంటి పెద్దావిడ ఏమీ అనలేదు గాని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక నిమిషం నిలబడి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నిమిషం నాకు ఒక సంవత్సరమంత అనిపించింది.

ఇంట్లో అత్తగారి అభ్యంతరం వేరు. "తులసమ్మ పక్కన ఎంగిలి కుళ్ళబెడతావుటే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. డ్రమ్ము బోర్లించి కడిగేశాను. ఆ తరువాత ఆరు నెలలు దాని జోలికే పోలేదు.

మళ్ళీ మొదలుపెట్టడానికి కారణం ఆ పెద్దావిడే. ఒకనాడు మేడమీద బట్టలు ఆరేస్తూ, "ఒణ ఎలె హాకలిల్లవేనమ్మా?" అని అడిగింది. ఎండుటాకులు వెయ్యలేదా అని! ఆవిడ పుట్టింట్లో ఎప్పుడూ తిప్పెగుంట వుండేదట. మన పెద్దవాళ్ళ ఇళ్ళలోనూ వుండేది కదా. పశువుల కొట్టంలో ఊడ్చిన పేడా, గడ్డీ, పొయ్యిలో బూడిదా, వాకిలి ఊడ్చిన ఆకులూ అన్నీ అందులో కలిసేవి. అక్కడ పచ్చిదానికి ఎండినది తనంతట తానే తోడయ్యేది. మన ఇళ్ళలో ఇప్పుడు పశువులు లేవు, పొయ్యిబూడిద లేదు, వంటింటి పచ్చితుక్కు ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదాన్నీ డ్రమ్ములో పెట్టి మూత బిగిస్తే కుళ్ళక ఏమవుతుంది?

ఎరువు తయారీలో వున్న కిటుకంతా ఈ ఒక్క మాటలోనే వుంది. తొక్కలను మన్నుగా మార్చేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఇడ్లీపిండిని పులియబెట్టే జీవుల వంటివే ఇవీను. వీటికి నాలుగు కావాలి: పచ్చిది, ఎండినది, తడి, గాలి. పచ్చిదాంట్లో నత్రజని ఎక్కువ. అది వాటి వొంటికి పుష్టి. ఎండినదాంట్లో కర్బనం ఎక్కువ. అది వాటికి పొయ్యిలో కట్టెల వంటిది. నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్ళు వుండాలని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. కూరగాయల తొక్కల్లో అది 20 పాళ్ళ ప్రాంతంలో వుంటుంది. ఎండుటాకుల్లో 40 నుంచి 80 దాకా వుంటుంది. రంపపు పొట్టులో వందల్లో వుంటుంది. ఈ లెక్కలన్నీ వంటింట్లో ఎవరు వెయ్యగలరు? అందుచేత మనం గుర్తుంచుకోవలసింది ఒక్కటే: ఒక గిన్నె పచ్చితుక్కుకు ఒకటిన్నర, రెండు గిన్నెల ఎండుటాకులు.

ఈ విద్యలో మన దేశానికి మంచి పేరే వుంది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1924 నుంచి 1931 వరకు ఇందూరులో పనిచేస్తూ, ఇక్కడి రైతుల పద్ధతులు చూసి, పేడనూ చెత్తనూ పొరలుగా పేర్చి నడుమ నడుమ తిరగవేసే విధానాన్ని స్థిరపరిచాడు. దానికి ఇందూరు పద్ధతి అని పేరు వచ్చింది. 1939లో బెంగుళూరులో ఆచార్య అనే శాస్త్రజ్ఞుడు మరొక విధానం రూపొందించాడు. గుంటలో పొరలుగా నింపి పైన మట్టి మెత్తి, తిరగవెయ్యకుండా ఆరు నుంచి ఎనిమిది నెలలు విడిచిపెట్టడం. అది బెంగుళూరు పద్ధతి. మొదటిదానికి ఒళ్ళు వంచాలి, రెండోదానికి ఓర్పు కావాలి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, మన ఊరి పేరు మోసిన విద్య మన ఇళ్ళలోనే తెలియకుండా పోయింది.

ఇక పనిలోకి వద్దాము.

నలుగురున్న ఇంటికి 50 లీటర్ల డ్రమ్ములు గాని, అంత పెద్ద మట్టికుండలు గాని మూడు కావాలి. మట్టికుండ అయితే చెమ్మను తానే పీలుస్తుంది గనుక కంపు తక్కువ. డ్రమ్ము అయితే అడుగునా, చుట్టూ జానెడు ఎడంలో చిటికెన వేలు పట్టేటంత బెజ్జాలు పొడిపించాలి. రెండు ఇటుకలమీద ఎత్తి పెట్టాలి, కింద నుంచి గాలి ఆడుతుంది. మూత వుండాలి గాని బిగించకూడదు. నేను చేసిన మొదటి తప్పు అదే.

అడుగున నాలుగంగుళాల మందాన కొబ్బరిపీచో, చిన్న పుల్లలో పరవండి. దానిమీద రెండు దోసిళ్ళ పెరటి మన్ను. పాత ఎరువు దొరికితే మరీ మంచిది. ఇదే మన తోడు. పాలలో మజ్జిగచుక్క వేసినట్టన్నమాట. పేడ దొరికే వూళ్ళలో పిడికెడు పేడ నీళ్ళలో కలిపి చిలకరించవచ్చు. దొరకనివారు గ్లాసెడు పుల్లమజ్జిగ నీళ్ళు చల్లినా చాలు.

తరువాత రోజూ ఒకే వేళ, రాత్రి వంటిల్లు సర్దాక అనుకోండి, ఆనాటి తొక్కలు వెయ్యాలి. పెద్ద ముక్కలు వద్దు. అంగుళం ముక్కలుగా తరిగితే సగం కాలంలో ముగుస్తాయి. వేసిన వెంటనే వాటికి రెట్టింపు ఎండుటాకులతో కప్పాలి. తొక్క కంటికి కనబడకూడదు. అదే గుర్తు. కంటికి కనబడితే ఈగకు కనబడినట్టే. మూడు రోజులకోసారి కర్రతో అడుగుదాకా కలపాలి.

తడి సరిగా వుందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు వస్తే సరిపోయింది. ధారగా కారితే తడి ఎక్కువైంది, ఎండుటాకులు కలపండి. చేయి తడవకుండా పొడిగా రాలిపోతే నీళ్ళు చిలకరించండి.

మొదటి డ్రమ్ము నిండడానికి సుమారు ఒక నెల. నిండినదాన్ని పక్కన పెట్టి రెండోదానిలో మొదలుపెట్టాలి. రెండోది నిండాక మూడోది. మూడోది నిండేసరికి మొదటిదానికి రెండు నెలలు మాగే గడువు దొరికింది కదా. వారానికోసారి దాన్ని కలుపుతూ వుంటే అప్పటికి ఎరువు సిద్ధంగా వుంటుంది. నింపినది మూడోవంతుకు దిగిపోతే కంగారు పడకండి. అది మామూలే.

ఏవి వెయ్యవచ్చు? కూరగాయల, పళ్ళ తొక్కలు, కాఫీ పిప్పి, టీ పిప్పి, ఆకుకూరల కాడలు, ఉల్లిపొట్టు, వెల్లుల్లి పొట్టు, పూజకు వాడిన పూలు. పూలదండలో దారం తీసెయ్యడం మరవవద్దు. భోజనం చేసిన అరటాకులు చించి వెయ్యండి. కోడిగుడ్డు పెంకు పొడిచేసి వెయ్యండి. ఏవి కూడదు? మాంసం, చేపముళ్ళు, నూనె పదార్థాలు, పాలు, పెరుగు. పైన చెప్పిన మజ్జిగనీళ్ళు తోడు పెట్టే రోజుకే సుమా, రోజూ కాదు. ఊరగాయలూ, ఉప్పు ఎక్కువైన పులుసులూ అసలే కూడదు. ఉప్పు మొక్కకు పడదు. మిగిలిన అన్నం గుప్పెడుకు మించితే వద్దు. ఎలుకలు పట్టేది దానికే. కొబ్బరిచిప్ప, మామిడిటెంక ఏళ్ళ తరబడి అలాగే వుంటాయి. నిగనిగలాడే రంగుకాగితాలు, కుక్కల పిల్లుల మలం, తెగులు పట్టిన మొక్కలు కూడా వద్దు.

ఇక చిక్కులు. వాసనే వైద్యుడి నాడి అనుకోండి. కుళ్ళిన గుడ్డు కంపు వస్తే గాలి చాలలేదని అర్థం. కలపాలి, ఎండుటాకులు వెయ్యాలి. ముక్కు మండే ఘాటు వస్తే పచ్చిది ఎక్కువైందని. దానికీ ఎండుటాకులే మందు. చీమలు పడితే పొడారిపోయిందని, నీళ్ళు చిలకరించాలి. బియ్యపుగింజకన్న పెద్దవిగా, బూడిదరంగులోనో లేత గోధుమరంగులోనో బొద్దుగా వుండే పురుగులు కనబడితే భయపడకండి. అవి చాలాసార్లు నల్ల సైనిక ఈగ పిల్లలు. తొక్కలను మహావేగంగా తింటాయి. రెక్కలు వచ్చాక ఆ ఈగ కుట్టదు, మన అన్నంమీద వాలదు. కంటికి బాగుండకపోతే ఎండుటాకులు ఎక్కువ వెయ్యండి, తడి తగ్గితే అవే తగ్గుతాయి. ఆ ఒక్క పురుగును చూసే సగంమంది ఈ పని మానేస్తారు. నేనూ దానికే భయపడ్డాను.

ఎరువు అయిందనడానికి గుర్తు ఏమిటి? నల్లగా, పొడిపొడిగా వుంటుంది. ఏ తొక్క ఏదో గుర్తుపట్టలేరు. తొలకరి వానకు తడిసిన మన్ను వాసన వస్తుంది. అనుమానముంటే చారెడు మెంతులు తీసుకుని సగం ఈ ఎరువు కలిపిన మన్నులో, సగం మామూలు మన్నులో చల్లి చూడండి. నాలుగైదు రోజుల్లో రెండూ సమంగా మొలిస్తే ఎరువు పక్వానికి వచ్చినట్టే. ఎరువులో మొలకలు చచ్చుబడితే ఇంకో నెల ఆగండి. పచ్చి ఎరువు వేస్తే మేలుకు బదులు కీడే. అది మన్నులోని నత్రజనిని తానే లాగేసుకుని మొక్కను పస్తు పెడుతుంది. తయారైనదాన్ని జల్లెడ పట్టి, మిగిలిన ముక్కలను మళ్ళీ కొత్త డ్రమ్ములో తోడుగా వెయ్యవచ్చు. కుండీకి అయితే రెండు పాళ్ళ మన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఎరువు. పెరిగిన మొక్కకు నెలకు రెండు గుప్పిళ్ళు మొదట్లో వేసి, మన్ను కప్పి నీళ్ళు పొయ్యండి.

మన పత్రిక పలు రాష్ట్రాల ఇళ్ళకు వెళుతుంది గనుక ఒక మాట. యానాం, బరంపురం వంటి వానలు జోరుగా పడే చోట గుంట తవ్వవద్దు. నీళ్ళు నిలిచి ఊబి అవుతుంది. నేలపైన ఇటుకలమీద డ్రమ్మే మేలు, పైన రేకు కప్పు వుండాలి. చెన్నపట్నంవారు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ జాగ్రత్త పడాలి. ఎండుటాకులు సెప్టెంబరులోనే సంచులకెత్తి దాచుకోవాలి. షోలాపురం వంటి ఎండల వూళ్ళో దీనికి తల్లకిందులు. అక్కడ గుంటే మంచిది, చెమ్మ నిలుస్తుంది, పైన తడి గోనెసంచి కప్పాలి. పెరడే లేనివారు వసారాలో కుండలు పెట్టుకోవచ్చు. మన ఎరువును తమిళులు "ఎరు" అంటారు, కన్నడంవారు "గొబ్బర" అంటారు, మరాఠీవారు "ఖత్" అంటారు. ఏ మాటతో అడిగినా పక్కింటివారి దగ్గర ఎండుటాకులు దొరుకుతాయి. వీధి ఊడ్చేవాళ్ళు వాటిని తగలబెట్టకముందే అడిగి తెచ్చుకోండి.

ఇంత శ్రమ ఎందుకూ, బండి వస్తే పారేస్తే పోదా అని హోసూరు సోదరి భర్తగారు అడగవచ్చు. పారేసినది ఎక్కడికి పోతుందో చెబుతాను. బెంగుళూరు చెత్త ఏళ్ళ తరబడి మండూరు అనే పల్లె పక్కన పోగైంది. ఆ వూరివారు నీళ్ళు పాడయ్యాయని, రోగాలు వస్తున్నాయని మొత్తుకుని 2014లో లారీలకు అడ్డం తిరిగారు. ఆ ఏడాది చివరికి అక్కడ వెయ్యడం ఆగింది. బొంబాయిలో దేవనార్ దిబ్బ 2016 జనవరిలో అంటుకుని ఊరిమీద పొగ కమ్మింది. ఆ దిబ్బల్లో వంటింటి తుక్కు గాలి లేక కుళ్ళి, మండే వాయువును పుట్టిస్తుంది. మన డ్రమ్ములో రెండు వారాలు కంపు కొడితే పక్కింటివారు గోడమీంచి అడుగుతారు. మండూరువారు ఏ గోడమీంచి అడగాలి? 2016లో వచ్చిన నియమాలు తడిచెత్త, పొడిచెత్త ఇంట్లోనే వేరుచెయ్యాలన్నాయి. తడిచెత్తను ఇంట్లోనే మన్ను చేసుకుంటే బండికి ఎక్కించవలసినది సగానికి సగం తగ్గుతుంది. మా ఇంట్లో అలాగే తగ్గింది.

ఇప్పుడు హోసూరు సోదరికి. అమ్మా, ఈ రోజునుంచి పది రోజులు ఆ గుంటలో కొత్త తుక్కు వెయ్యకు. పొద్దుటి పూట పారతో లోపలిదంతా పైకి తీసి, దానికి రెట్టింపు ఎండుటాకులు, దొరికితే రంపపు పొట్టు కలుపు. ఆ రోజు కొంచెం కంపు తప్పదు. పక్కింటివారికి ముందే వెళ్ళి చెప్పిరా. చెప్పి చేసిన కంపుకు కోపం తక్కువ. గుంట అడుగున నీరుంటే కొబ్బరిపీచు వేసి పీల్చనియ్యి. నడుమ నాలుగు కర్రలు నిలబెట్టి చుట్టూ తుక్కు నింపి, కర్రలు పైకి లాగేస్తే గాలికి దారి ఏర్పడుతుంది. పైన రెండంగుళాల పొడిమన్ను కప్పి, వాన పడకుండా రేకు పెట్టు. మూడు రోజులకోసారి కలుపు. వారం లోపల కంపు తగ్గుముఖం పడుతుంది. అప్పుడు మీవారిని పెరట్లోకి పిలిచి ముక్కుతోనే తీర్పు చెప్పమను. కాఫీ ఇచ్చి మరీ పిలువు.

ఆయన బండి సంగతి కూడా కొట్టిపారెయ్యవద్దు. బండికి చోటు కావలసిందే. బండి నిలిచే మేర బండలు పరిపించి, చెట్ల మొదళ్ళ చుట్టూ మూడడుగుల మన్ను విడిచిపెడితే ఇద్దరి మాటా నెగ్గుతుంది. మొదలంతా సిమెంటు కప్పేస్తే కరివేపచెట్టుకు నీరూ గాలీ అందవు. చెట్టు ఎండిపోయాక సిమెంటు పగలగొట్టినా తిరిగి రాదు.

మా ఇంటి సంగతి ముగించి సెలవు తీసుకుంటాను. రెండోసారి డ్రమ్ములు తులసికోటకు దూరంగా, బట్టలుతికే రాయి పక్కన పెట్టాను. ఎంగిలిది వెయ్యనని అత్తగారికి మాట ఇచ్చాను. మూడు నెలలు గడిచాక ఒక ఉదయం జల్లెడ పడుతున్నాను. అత్తగారు వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. కాసేపు చూసి, గుప్పెడు చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "మా పుట్టింటి పెరడు వాసన వస్తోందే" అన్నారు. ఆ తరువాత నేను అడక్కుండానే లేచి వెళ్ళి, ఆ గుప్పెడూ తులసమ్మ మొదట్లో తన చేతితోనే వేశారు.

గోడ అవతలి పెద్దావిడ నా మొదటి డ్రమ్మును క్షమించానని ఇప్పటికీ చెప్పలేదు. కాని ప్రతి వేసవిలోనూ ఒక సంచి ఎండు మామిడాకులు గోడమీద పెట్టి వెళుతుంది. మామిడాకు మొండిది, చించి, తడిపి వేస్తే గాని త్వరగా మాగదు. ఓపిగ్గా చించి వేస్తున్నాను. సంచి ఉతికి, అందులో నాలుగు దోసిళ్ళ ఎరువు పోసి మళ్ళీ గోడమీదే పెడుతున్నాను.

హోసూరు సోదరి పండుగ దాటాక మళ్ళీ రాయాలి, మేస్త్రీ వచ్చాడో రాలేదో. మిగతా సోదరీమణులు తమ వూళ్ళలో ఎండుటాకులకు బదులు ఏమి వాడుతున్నారో, వేరుశెనగ పొట్టా, చెరకుపిప్పా, ఊకా, రాసి పంపితే రాబోయే సంచికలో అందరికీ చెబుతాను.